తడకకు అవతల చిన్నాయిన

మొన్న గురువారం పొద్దున మానుకోటలో మందుల దుకాణం ముందు నిలబడి ఉన్నాను. ఆకుపచ్చ తలపాగా చుట్టుకున్న ఫకీరొకాయన వచ్చి, నిప్పుల మీద ఊదు చల్లి, నెమలీకల కట్టతో పొగను దుకాణంలోకి విసిరాడు. గల్లాపెట్టె దగ్గరి ఆయన దగ్గుతూ లోపలికి పోయాడు. నేను మాత్రం ఆ పొగలోనే ఉండిపోయాను. వెనక ఆటోలు మోగుతున్నాయి, ఎవరో పక్కకు జరగమంటున్నారు. నాకు మాత్రం చుట్టూ దూది ఎగురుతున్నట్టుగా ఉంది. ముందు ఊదు వాసన, దాని వెనకే కాగిన బెల్లం, ఆ వెనకే చింతపండుతో తోమిన ఇత్తడి వాసన. మందులు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

మా ఊరు జఫర్‌గఢ్‌కు దగ్గర. గుట్ట మీది పాత కోట గోడలు మా వాకిట్లోకి కనిపించేవి. మేము దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. నాయినమ్మను దాదీ అనడం, బుక్క ఎత్తే ముందు బిస్మిల్లా అనడం, పండుగనాడు నమాజు, మొహర్రం నెలలో పీర్లు. మా ముసల్మానుతనం చాలావరకు అంతే. బాపు దూది ఏకే విల్లు దూలానికి వేలాడుతూ ఉండేది. కొయ్య గుండుతో దాని తీగను మీటితే పెద్ద తుమ్మెద ఇంట్లోకి వచ్చినట్టు మోత. ఆ మోతలోనే నేను నిద్రపోయేదాన్ని. అది ఆగితే మెలకువ వచ్చేది. దూది పింజలు తేలుతూ తేలుతూ అమ్మ పిసికే పిండిలో, దాదీ జుట్టులో, నా కనురెప్పల మీద వాలేవి. పైకప్పు సందులోంచి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఇల్లంతా నీళ్లు లేని చెరువులా ఉండేది. మేము అందులో మెల్లగా కదిలే చేపలం.

అది అరవై తొమ్మిదో సంవత్సరం, బడి లేదు. తెలంగాణ గడ్‌బడ్ అనేవారు పెద్దలు, ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న గొడవను. పెద్దబడి పిల్లలు ఊరేగింపుగా వచ్చి మా చిన్నబడి గంట కూడా ఆపించి పోయారు. బస్సు రావడం మానేసింది. బస్సు రాని తొవ్వ మీద మేకలు పడుకునేవి. చేలకు అవతల మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. పొద్దున్నే ఇప్పపూలు రాలిన వాసన తీపిగా, కొంచెం మత్తుగా వచ్చేది. ఎవరో ఎక్కడినుంచో పేపరు తెస్తే పటేలు ఇంటి అరుగు మీద పైకి చదివేవారు. ఎక్కడ కాల్పులు జరిగాయి, ఎందరు పిల్లలు పోయారు. విన్నవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయేవారు. మాకు మాత్రం అది అంతులేని సెలవు.

చిన్నాయిన వచ్చింది ఆ రోజుల్లోనే. బాపుకు ఒక్కడే తమ్ముడు. వరంగల్లులో దూది దుకాణంలో పనిచేస్తూ, భార్యనూ బిడ్డనూ మా ఇంట్లోనే ఉంచాడు. బందులతో దుకాణాలు మూతపడితే నడుచుకుంటూ ఊరు చేరాడు. పోయినప్పుడు నున్నటి ముఖం, వచ్చేటప్పుడు గుప్పెడు గడ్డం. అక్కడ చదువుకున్న పెద్దల దగ్గర కూర్చుని ఖురాను అర్థం తెలుసుకుంటున్నాడట. ఎప్పుడూ మిఠాయి తెచ్చే మనిషి ఈసారి పళ్లు తోముకునే మిస్వాకు పుల్లలు తెచ్చాడు. నేనూ ఆయన బిడ్డా వాటిని నమిలి, కారంగా ఉన్నాయని ఉమ్మేస్తే నవ్వాడే గానీ కోప్పడలేదు. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి. తర్వాతి సంగతి వింటే అన్నదమ్ములిద్దరిలో ఎవరో ఒకరు చెడ్డవారనిపిస్తుంది. ఇద్దరూ కాదు.

మొహర్రం నెలవంక కనిపించింది. ఊరి పీర్ల కొట్టం తాతల నాటి నుంచి మా ఇంటి చేతిలోనే ఉంది. ప్రవక్త మనుమలిద్దరి పేరు మీద రెండు పీర్లు, కర్రలకు బిగించిన ఇత్తడి చేతులు. పెద్ద పీరును ఇంటి పెద్దకొడుకు, చిన్న పీరును చిన్నకొడుకు ఎత్తాలి. చివరి రోజు సాయంత్రం రెండూ ఊరి నడుమ ఎదురుపడి ఒకదాన్నొకటి తాకుతాయి. అన్నదమ్ములు కలుసుకున్నారు అని జనం కళ్లు తుడుచుకుంటారు. రెడ్లు, గొల్లలు, తండా నుంచి లంబాడీలు, అందరూ ఆ ఒక్క క్షణం కోసం ఎండలో నిలబడేవారు.

బాపు వాకిట్లో కూర్చుని పీర్లు తోముతున్నాడు. చిన్నాయిన పక్కన నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, పీర్లకు కట్టే గుడ్డలు ఉతికిచ్చినవా?"

"ఈయేడు నేను ఎత్తనే, అన్నా."

బాపు తల ఎత్తలేదు. "పానం బాగ లేదా?"

"బాగనే ఉన్నది. మన దీన్ల, మన మతంల గిది లేదు. ఇత్తడి చేతికి మొక్కుడు, నిప్పుల నడుసుడు, గిదంత మనం కల్పించుకున్నది. నువ్వు గూడ ఇడిసిపెట్టు."

"నాయిన ఎత్తిండు. ఆయిన ముసల్మాను గాడా?"

"నాయినకు తెల్వదు. చెప్పెటోళ్లు లేకుండిరి."

చనిపోయిన తండ్రికి ఏమీ తెలియదన్న మాట బాపుకు తగిలింది. లేచి నిలబడ్డాడు. మాట మీద మాట పెరిగింది. చివరికి చిన్నాయిన, "గివి పీర్లు గావు, ఇత్తడి తునకలు. కరిగిచ్చి బిందెలు చేపిచ్చుకోరాదు" అన్నాడు. బాపు చేతికి కొయ్య గుండు వచ్చింది. దాదీ మధ్యలోకి వచ్చేసరికి అది నేల మీద పడింది. ఎవరికీ తగలలేదు.

"గీ ఇంట్ల నీకు అన్న లేడు" అన్నాడు బాపు.

తెల్లారేసరికి పెరటికి అడ్డంగా కందికట్టె తడక లేచింది. వెనక అర్ర వాళ్లది, ముందిల్లు మాది. పొయ్యిలు రెండయ్యాయి. బావి దగ్గర విన్నవాళ్లు ఊరంతా చెప్పారు, చిన్నాయిన పీర్లను తిట్టాడని.

నాకూ చిన్నాయిన బిడ్డకూ తడక అడ్డం కాలేదు. నాలుగు కట్టెలు లాగేసి చేయి పట్టేంత సందు చేసుకున్నాం. అందులోంచి పిందె మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం అటూ ఇటూ పోయేవి. ఒకనాడు మా అమ్మ గంటెలకు ఎర్ర గుడ్డ పీలికలు కట్టి పీర్ల ఆట మొదలుపెట్టాం.

"మా నాయిన ఎత్తొద్దన్నడక్కా" అంది చెల్లె, గంటెను సందులోంచి నాకే తిరిగి ఇచ్చేస్తూ.

రెండు గంటెలూ నేనే పట్టుకుని, తిరిగి తిరిగి, వాటిని ఒకదానికొకటి తాకించాను. చెల్లె అటుపక్క నుంచి ఒక కన్ను పెట్టి చూసి, "కలిసిన్రు" అని చెప్పింది.

దాదీకి తిండి సయించలేదు. ఆమె ఎవరి పొయ్యి దగ్గరా కూర్చునేది కాదు. తడక చివర, రెండిళ్లకూ మధ్య, మంచం వేసుకుంది.

"ఒక ముసల్మాను ఇంకొక ముసల్మానుతోని మూడు దినాలకు మించి మాట్లాడకుంట ఉండొద్దని మన ప్రవక్త, రసూలు చెప్పిండు. మూడు దాటినయి. గీళ్లు ఒక్క కడుపుల పుట్టిన్రు గద" అనేది గాలితో.

గురువారం సాయంత్రం నిప్పుల మీద ఊదు వేసి ఏడ్చింది. ఎందుకని అడిగాను.

"సోమారం, బేస్తారం మన పనులన్ని అల్లా ముంగట పెడుతరట బిడ్డా. అందర్ని మాఫ్ చేస్తడట. కొట్లాడుకున్నోళ్లను మాత్రం, గీళ్లిద్దరు కలిసేదాంక పక్కకుంచుండ్రి అంటడట. నా ఇద్దరు కొడుకులు పక్కకే ఉన్నరు."

ఆ తర్వాత చాలా రోజులు నాకు అదే కల. మబ్బుల మీద పెద్ద అరుగు. అందరూ లోపలికి పోతున్నారు. బాపూ చిన్నాయినా మాత్రం బయట అరుగు మీద వీపులు ఆనించుకుని కూర్చున్నారు. ఇద్దరి తలల మీదా దూది. ఎవరూ వచ్చి దులపడం లేదు.

దాదీ ఊరికే ఏడ్చే మనిషి కాదు. నన్ను పిలిచి, చిన్నాయినతో చెప్పి రమ్మనేది. మీ అన్న నిన్ను తలుచుకుని అన్నం మింగుతలేడు అని. బాపు దగ్గరికి పంపేది. నీ లెక్క దూది ఏకుడు తనకు రాదని చిన్నాయిన అంటున్నడు అని.

"గట్ల అన్నడా దాదీ?"

"అనలే. ఇద్దర్ని కలిపెటందుకు మంచిమాట జోడిస్తే అది అబద్ధం కిందికి రాదు. మా నాయిన చెప్పిండు. నువ్వు పో."

నేను పోయేదాన్ని. చిన్నాయిన విని, "మీ దాదీ చెప్పమన్నదా, బిడ్డా?" అనేవాడు. నేను కాళ్ల వైపు చూసుకునేదాన్ని. బాపు అయితే అడిగేవాడు కూడా కాదు. విల్లు తీగ ఇంకొంచెం గట్టిగా మీటేవాడు. ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ నన్ను ఇక రావద్దనలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ కల్పించిన మాటల కోసమే ఇద్దరూ ఎదురుచూసేవారేమోనని.

ఒక పొద్దున దాదీ నన్ను వెంటబెట్టుకుని జఫర్‌గఢ్ నడిచింది. అక్కడ పిల్లలకు ఉర్దూ చదువు చెప్పే ముసలి మౌల్వీసాబు ఉండేవాడు. తొవ్వ పొడుగునా మోదుగు పూలు రాలి ఉన్నాయి. వాటిని ఒడినిండా ఏరుకున్నాను. దాదీ మధ్య మధ్య నిలబడి గుట్ట మీది కోటను చూసి, ఏదో గొణిగి, మళ్లీ నడిచేది. మౌల్వీసాబు మాకు బెల్లం, నీళ్లు ఇచ్చి మొత్తం విన్నాడు. ఆయన కళ్ల మీద పొరలు. వినేటప్పుడు చెవి మన వైపు తిప్పేవాడు.

మరునాడు ఎవరిదో బండెక్కి మా ఇంటికి వచ్చాడు. దాదీ మంచం మీద, తడక చివర కూర్చున్నాడు. ఇటు బాపు, అటు చిన్నాయిన.

"పీర్ల సంగతి నన్ను అడిగితే" అన్నాడు చిన్నాయిన వైపు తిరిగి, "నీ మాటకే నేను దగ్గర. గది నీకు, మీ అన్నకు, అల్లాకు నడుమ సంగతి. కని అన్నను, సచ్చిపోయిన తండ్రిని తక్కువ చేసి మాట్లాడమని ఏ కితాబుల చదివినవు?"

చిన్నాయిన తల దించుకున్నాడు.

మౌల్వీసాబు బాపు వైపు తిరిగాడు. "నువ్వు గుండు ఎత్తినవట. విశ్వాసులు అన్నదమ్ములు, వాళ్లు కొట్లాడితే నడుమ సుల్హా చేసి కలుపుండ్రి అని ఖురాన్ల ఉన్నది. వాళ్లు ఒక్క తీరుగ ఆలోచిస్తరని యాడ లేదు. ముసల్మాను తన భాయికి జుల్ము చెయ్యడు, వాణ్ని ఇంకొకలకు అప్పజెప్పడు. ఇద్దరు ఎదురుపడి మొఖాలు తిప్పుకుంటే, ముందుగాల సలాం చెప్పినోడు మేలైనోడు. అంతే. నాకు ఇంకేం రాదు."

ఆయన చెప్పింది ఇద్దరూ విన్నారు. సలాం మాత్రం ఇద్దరూ చెప్పలేదు. వాడు చిన్నోడు, వాడే రావాలె అని బాపు. తప్పు మాట అన్నది నేనే గని గుండు ఎత్తింది ఆయినే గద అని చిన్నాయిన. మౌల్వీసాబు బండెక్కి పోయాడు. దాదీ ఆయనను సాగనంపి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం నన్ను ఎటూ పంపలేదు.

పండుగ చివరి రోజుకు ముందురోజు, బాపు పటేలు ఇంటికి కొత్త పరుపు మోసుకుపోయాడు. సూదీ దారమూ పట్టుకుని నేనూ వెంట పోయాను. పటేలు అంటే ఊళ్లో పోలీసు పనులు చూసే పెద్ద భూస్వామి. పీర్ల ముందు నిప్పులు రాజేసే అలావ గుంతలో వేసే కట్టెలు ఏటా ఆ ఇంటి నుంచే వచ్చేవి. పటేలు అరుగు మీద కూర్చుని, బాపును దగ్గరికి పిలిచాడు.

"మొన్న జఫర్‌గఢ్ కాడ బస్సు అద్దాలు పలగ్గొట్టినోళ్ల పేర్లు అడుగుతున్నరు జనగామ పోలీసోళ్లు. నీ తమ్ముడు వరంగల్లు నుంచి వచ్చినప్పటి సంది గీ లొల్లి మొదలయింది. గాడ ఏమేం జరుగుతున్నదో పోరగాండ్లకు చెప్తున్నడట. పీర్లను తిట్టిండు. ఊరికి గూడ వాడంటే కోపమే. నువ్వు అవునంటె చాలు."

బాపు పరుపు కింద పెట్టాడు.

"నువ్వేం పరేషాన్ గాకు" అన్నాడు పటేలు. "నీకు వానికి మాటల్లేవు గద."

"మాటల్లేవు పటేలా" అన్నాడు బాపు. "కని తమ్ముడున్నడు."

పటేలు ముఖం మారింది. బాపు చేతులు కట్టుకునే ఉన్నాడు గానీ గొంతు తగ్గించలేదు.

"బస్సు కాడ లొల్లయిన దినం వాడు ఇంట్లనే ఉన్నడు. వానికి దగ్గు. తడకకు అటు పొద్దంత దగ్గుతనే ఉన్నడు. నేను విల్లు ఆపి మరీ ఇన్న. పీర్ల కాడ వాడు తిట్టింది నన్ను. గది మా ఇంటి లొల్లి. దాన్ని పోలీసులకు అప్పజెప్ప."

"మరి నీ పేరు రాస్తే?"

"రాసుకోండ్రి."

"అలావకు మా ఇంటికెల్లి కట్టె రాదు."

"మీ ఇష్టం, పటేలా."

బాపు పరుపు కుట్లు సరిచూసి, నా చేతిలోంచి సూది తీసుకుని ఒక మూల బిగించి, వంగి దండం పెట్టి బయటికి వచ్చాడు. ఇంటికి రాగానే విల్లు అందుకున్నాడు.

నన్ను ఎవరూ పంపలేదు. తడక సందులో ఇరుక్కుని, గీరుకుపోయి, అటు పోయాను. చిన్నాయిన నమాజు చాప మడుస్తున్నాడు. విన్నది విన్నట్టు చెప్పాను.

"మీ దాదీ చెప్పమన్నదా, బిడ్డా?"

"కాదు చిన్నాయినా. నేను ఆడనే ఉన్న."

ఆయన నన్ను కూర్చోబెట్టి మళ్లీ చెప్పించుకున్నాడు. దగ్గు మాట దగ్గర ఆపి, "విల్లు ఆపి ఇన్న అన్నడా?" అని అడిగాడు. అవునన్నాను. చాప అంచు సవరించాడు. తర్వాత టోపీ పెట్టుకుని లేచాడు. తడక పక్కకు తోసి రావచ్చు. రాలేదు. బజారు చుట్టూ తిరిగి, మా ముందు గుమ్మం దగ్గరికి, మొదటిసారి వచ్చిన చుట్టంలా వచ్చి నిలబడ్డాడు.

"అస్సలాము అలైకుం, అన్నా."

విల్లు మోత ఆగింది. ఇల్లంతా దూది తేలుతోంది. తడక చివర దాదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాలైకుం అస్సలాం" అన్నాడు బాపు. "నేనే వస్తుంటి. గీ దూది ఏకుడు అయినంక" అన్నాడు.

"ముందు చెప్పినోడు మేలైనోడన్నరు గద. ఆ మేలు నాకు రానియ్యే."

బాపు నవ్వబోయి నవ్వలేకపోయాడు. చిన్నాయిన వచ్చి ఆయన ఎదురుగా దూది మీదే కూర్చున్నాడు.

"బిందెల మాట తప్పు, అన్నా. నాయిన మాట ఇంక తప్పు. మాఫ్ చెయ్యి. కని పీరు మాత్రం నేను ఎత్తను."

"నేను ఇడువను."

"ఇడువకు."

అంతే. అంత చిన్న మాటల కోసం అన్ని రోజులు పట్టింది. దాదీ వచ్చి ఇద్దరి తలల మీది దూది దులిపింది. అమ్మా చిన్నమ్మా ఎవరినీ అడగకుండా తడక పీకి, ఆ కందికట్టెతోనే ఆ పూట అన్నం వండారు. పొయ్యి ఒకటే.

పండుగ చివరి రోజున పటేలు కట్టెలు రాలేదు. తండా నుంచి లంబాడీలు తలా ఒక మోపు ఎత్తుకొచ్చారు. వాళ్లలోనే ఒకాయన, బిడ్డ బతికితే పీరు ఎత్తుతానని మొక్కుకున్నాడట, చిన్న పీరును భుజానికెత్తుకున్నాడు. సాయంత్రం రెండు పీర్లూ ఊరి నడుమ కలిశాయి. డప్పుల మోత, ఊదు పొగ, గులాలు. నేను మాత్రం తొవ్వ పక్కకు చూస్తున్నాను. అక్కడ చిన్నాయిన పెద్ద గోలెం నిండా బెల్లం పానకం కలిపి పెట్టుకుని, వచ్చినవాళ్లకు వచ్చినట్టు ముంత అందిస్తున్నాడు. దప్పికగొన్నవాళ్లకు నీళ్లివ్వడం ఏ కితాబులోనూ తప్పు కాదన్నాడట. ఆయన మీద కోపమున్నవాళ్లు కూడా తాగారు. పీరు దింపి, చెమటతో వచ్చిన బాపు కూడా తాగాడు. ఒక ముంత చాలక రెండోది అడిగాడు.

బాపు పేరు ఎక్కడైనా రాశారో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఎవరూ రాలేదు. ఎండలు ముదిరాక బడి తెరిచారు, బస్సు మళ్లీ వచ్చింది. చిన్నాయిన వరంగల్లు వెళ్లిపోయాడు. దాదీ ఆ తర్వాతి చలికాలంలో పోయింది. పోయేముందు ఇద్దరు కొడుకుల చేతులూ పట్టుకుంది.

అన్నదమ్ములిద్దరూ ఆ విషయంలో ఎన్నడూ ఒక్కటి కాలేదు. బాపు ప్రతి ఏటా పీరు ఎత్తాడు. చిన్నాయిన ఏ ఏడూ ఎత్తలేదు. పండుగకు మాత్రం తప్పకుండా వచ్చేవాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని దాని గురించే గంటలు గంటలు వాదించుకునేవారు. మధ్యలో ఒకాయన చాయ చల్లారితే రెండో ఆయన వేడి చేయించి తెచ్చేవాడు. ఇప్పుడు మా చుట్టాల్లో అదే విషయం మీద గొడవలు. ఇది తప్పు, అది తప్పు, వాడు మనవాడే కాదు అని ఫోన్లలో రాసుకుంటారు. ఒకరి పెళ్లికి ఒకరు పోరు. నేను ఏదైనా మంచిమాట జోడించి చెబితే, నీకు తెల్వదు ఊకో అంటారు.

బాపు పోయాక వచ్చిన మొదటి మొహర్రంలో ఊరివాళ్లు మా ఇంటికి వచ్చారు. నేను పుట్టింట్లోనే ఉన్నాను. పీర్ల పెట్టె తాళంచెవి పండుగకు వచ్చిన చిన్నాయిన దగ్గర ఉంది. అడగాలంటే వాళ్లకు మొహమాటం. ఆయన తెల్లగడ్డంతో, మోకాళ్లు పట్టుకుని లేచి, పెట్టె తెరిచాడు. ఎర్ర గుడ్డ విప్పాడు. ఎవరినీ ముట్టనివ్వకుండా, వాకిట్లో కూర్చుని, పొద్దంతా చింతపండుతో ఆ పీర్లను తోమాడు. వేళ్ల సందుల్లోని నలుపు పోయేదాకా తోమాడు. తోమి, తుడిచి, ఊరివాళ్ల చేతుల్లో పెట్టాడు.

"గిది మా అన్న నా కాడ ఉంచిపోయిన అమానత్" అన్నాడు. "ఆయిన మీకే ఇయ్యమంటుండె. భద్రంగ ఎత్తుకోండ్రి."

డప్పులు దూరమయ్యాక లోపలికి వెళ్లి నమాజు చాప పరుచుకున్నాడు. సాయంత్రం పీర్లు కలిసి, జనం ఇళ్లకు మళ్లేదాకా లేవలేదు. ఏం దువా చేశావు చిన్నాయినా అని అడిగాను. మోకాళ్ల మీద చేతులు ఆనించి, నన్ను చూసి, "దీపం ముట్టియ్యి బిడ్డా, చీకటైతున్నది" అన్నాడు.